ముప్ఫై కుట్లతో మొదలైన మఫ్లర్

పాప్లర్ డిప్ స్కూలు, సస్కాచెవాన్
1942 అక్టోబర్ 18

పెద్దమ్మా,

మూడు నెలలుగా ఉత్తరం రాయలేదని నాకు తెలుసు. తిట్టడానికి ఒక పేజీ వాడుకో, మిగతా పేజీల్లో మాత్రం నేనడిగింది చెప్పు.

ఒక చిక్కులో పడ్డాను. ఇక్కడికి పన్నెండు మైళ్ళ దూరంలో ఉన్న టౌన్‌లో సైనికులకు ఊలు బట్టలు అల్లి పంపే కమిటీ ఒకటుంది. దాని పెద్ద మిసెస్ థోర్‌బర్న్ పోయిన వారం బడికి వచ్చింది. నాది కేప్ బ్రెటన్ అని వినగానే, అయితే అల్లిక నీకు పుట్టుకతోనే వచ్చుంటుంది అంది. నేను కాదనలేదు. ఇప్పుడు ప్రతి శనివారం మధ్యాహ్నం బడిలో అల్లిక నేర్పాలి. బస్తాడు ఊలు, పెట్టెడు సూదులు వచ్చేశాయి. నాకు వచ్చిందల్లా కుట్లు ఎక్కించడం, తిన్నగా అల్లుకుపోవడం, దించేయడం. అంతకంటే ఒక్క ముక్క రాదని నీకు తెలుసు.

నేర్చుకునేవాళ్ళు పద్నాలుగు మంది. అందరూ మొదటిసారి సూది పట్టేవాళ్ళే. బడి పిల్లలు కదా, ఓపిక తక్కువ. ఏం అల్లించను? అందరూ మేజోళ్ళే అడుగుతున్నారు. మేజోళ్ళతో మొదలుపెట్టనా?

ఇక్కడ గాలి ఆగడం లేదు. బడి వెనక నా గది ఈ గోడ నుంచి ఆ గోడకు తొమ్మిది అడుగులు. రోజూ ఎన్నిసార్లు నడుస్తున్నానో నాకే తెలియదు. లాక్లన్ అన్నయ్య ఓడ ఎక్కడుందో ఏమైనా తెలిసిందా?

నీ చేతకాని శిష్యురాలు,
ఐల్సా


బ్లాక్ కోవ్, కేప్ బ్రెటన్
1942 నవంబర్ 2

ఏమే ఐల్సా,

తిట్లకు పేజీ అక్కర్లేదు, ఒక్క వాక్యం చాలు. పన్నెండేళ్ళప్పుడు నువ్వు మొదలుపెట్టిన మేజోడు మడమ దాకా వచ్చి ఆగింది, మళ్ళీ కదల్లేదు. అలాంటిదానివి పద్నాలుగు మందికి గురువయ్యావు.

మేజోళ్ళ మాట ఎత్తకు. మేజోడుకి నాలుగు సూదులు కావాలి, మడమ తిప్పాలి, వేళ్ళ దగ్గర ముడి రాకుండా మూయాలి. ముడి వచ్చిందా, ఆ సైనికుడి కాలికి పుండు పడుతుంది. కొత్తవాళ్ళకు ఇచ్చే మొదటి పని ఎలా ఉండాలంటే, పాడైపోయినా ఏదో ఒకందుకు పనికిరావాలి. కాబట్టి చదరం అల్లించు. మొహం తుడుచుకునే గుడ్డ అన్నమాట. అది వంకరగా ఉన్నంత మాత్రాన మొహం శుభ్రం కాకుండా పోదు.

లావు ఊలు, లావు సూదులు ఇవ్వు. సన్న సూదులిస్తే గంట అల్లినా గోరంత పెరగదు, పిల్లలు విసుగెత్తి పారిపోతారు. లేత రంగు ఊలు ఎంచు. నల్లది ఇస్తే ఏ కుట్టు ఎక్కడుందో కనపడదు. బొచ్చు రేగేది అసలొద్దు. ఇరవై నాలుగు కుట్లు ఎక్కించి, మొదటి నుంచి చివరి దాకా ఒకటే రకం కుట్టు వెయ్యమను. ప్రతి వరుస చివర లెక్కపెట్టించు. కొత్తవాళ్ళ చేతిలో కుట్లు వాటంతటవే పెరుగుతాయి. అంచు దగ్గర ఊలు పైకి లాగితే ఒక కుట్టు రెండుగా కనిపిస్తుంది, వాళ్ళు రెండూ అల్లేస్తారు.

చదరం కుదిరాక మఫ్లర్. మఫ్లర్ అంటే పొడుగు చదరమే, కొత్తగా నేర్చుకోవాల్సిందేమీ ఉండదు, కాకపోతే ఓపిక కావాలి. ఆ తర్వాత మణికట్టు పట్టీలు. అవి రెండు సూదులతో పలకలా అల్లి పక్కన కుట్టేస్తే సరిపోతుంది. టోపీ వసంతానికి. మేజోళ్ళు వచ్చే ఏడు, అదీ నువ్వు నేర్చుకుంటే.

మా అబ్బాయి లాక్లన్ నుంచి సెప్టెంబర్‌లో వచ్చిందే ఆఖరి ఉత్తరం. రేవుకి రోజూ రెండుసార్లు వెళ్ళొస్తున్నాను. టపా వచ్చేది ఒక్కసారే అని పోస్టుమాస్టర్ రోజూ గుర్తుచేస్తాడు.

మొరాగ్ పెద్దమ్మ


పాప్లర్ డిప్
1942 డిసెంబర్ 6

పెద్దమ్మా,

నువ్వు చెప్పినట్టే చదరాలు మొదలుపెట్టించాను. పదమూడు చదరాల్లో మూడు నిజంగా చదరంగా వచ్చాయి. ఒకటి త్రికోణమైంది. అది అల్లిన అన్నా అనే అమ్మాయి మాత్రం గర్వంగా తలకు కట్టుకుని చూపించింది, అందరం నవ్వాం. శనివారాలు వస్తున్నాయంటే ఇప్పుడు నాకు బాగానే ఉంటోంది. వారంలో తక్కిన ఆరు రోజులే గడవడం లేదు.

ఒక్కళ్ళతోనే ఇబ్బంది. పరాస్కా అని ఉంది. ఉక్రెయిన్ నుంచి వచ్చిన కుటుంబం, ఇంగ్లీషు సరిగా రాదు. సూదులు పట్టుకోవడం చూస్తే గడ్డి ఎత్తుతున్నట్టుంటుంది. చదరం అల్లనంటే అల్లనంది. వచ్చిన రోజే గోధుమరంగు ఊలు తీసి పక్కన పెట్టుకుని, మఫ్లర్, మఫ్లర్ అని ఒకటే పట్టు. ముందు చదరం అని చేతులతో చూపిస్తే తల అడ్డంగా ఊపి నా చేతిలోని సూది వంక చూస్తూ కూర్చుంది. నేను ఎక్కించి ఇచ్చేదాకా కదల్లేదు. చివరికి ముప్ఫై కుట్లు ఎక్కించి ఇచ్చాను. తప్పు చేశానా?

వసంతానికి ఇక్కడి ఉద్యోగం వదిలేసి విన్నిపెగ్‌లో విమానాల కర్మాగారానికి వెళ్దామనుకుంటున్నాను. అక్కడైతే చేతికి నిజమైన పని ఉంటుంది.

ఐల్సా


బ్లాక్ కోవ్
1943 జనవరి 10

ఐల్సా,

నువ్వు ఏ ఉద్యోగంలోనూ రెండు చలికాలాలు నిలవలేదు. విమానాలకైనా చివరిదాకా బిగించేవాళ్ళు కావాలి. ఆ సంగతి ఆలోచించుకో.

ఆ పిల్ల విషయంలో తప్పేం చేయలేదు. మఫ్లరే కావాలని కూర్చున్న పిల్ల చేత చదరం అల్లిస్తే ఆ చదరం ఎప్పటికీ పూర్తవదు. కొత్తవాళ్ళకు పని ఎంచడమంటే తేలికైనది ఎంచడం ఒక్కటే కాదు, వాళ్ళు వదలకుండా పట్టుకుని కూర్చునేది ఎంచాలి. చిన్న చేతులు కదా, పొట్టి సూదులు ఇచ్చి చూడు. కుట్టు జారితే వెనక్కి విప్పించకు. పిన్నీసుతో పట్టి ఉంచి, తర్వాత నువ్వు కట్టేయి. పిల్లల ముందు వాళ్ళు అల్లింది విప్పకూడదు, గుర్తుంచుకో.

ఇక్కడ మంచు కిటికీల దాకా ఉంది. టీ ఆకు రెండుసార్లు మరిగించి తాగుతున్నాను. నవంబర్‌లో రాసిన ఉత్తరం ఒకటి లాక్లన్ నుంచి క్రిస్మస్ తర్వాత వచ్చింది. అందులో సగం సెన్సారు వాళ్ళు కత్తిరించేశారు. మిగిలిన దాంట్లో కాళ్ళు తడుస్తున్నాయని ఉంది. ఆ మాట చదివినప్పటి నుంచి నా చేతులు ఊరుకోవడం లేదు. మేజోళ్ళు తప్ప ఇంకేమీ అల్లబుద్ధి కావడం లేదు.

పెద్దమ్మ


పాప్లర్ డిప్
1943 ఫిబ్రవరి 21

పెద్దమ్మా,

తలవంపులైంది. మేం అల్లినవన్నీ పెట్టెలో పెట్టి టౌన్ కమిటీకి పంపాను. పది రోజులకు అదే పెట్టె వెనక్కి వచ్చింది. పైన మిసెస్ థోర్‌బర్న్ చీటీ: ‘వీటిని సైనికులకు పంపితే మన జిల్లా పరువు పోతుంది. ఊలు వృథా చేయవద్దని మనవి.’

ఈ పెట్టె తిరిగొచ్చిందని ఇక్కడ ఎవరికీ చెప్పలేదు. చెప్పలేను. అందుకే నీకు పంపుతున్నాను. ఏం చేస్తావో నీ ఇష్టం, నీకు తోచినట్టు చెయ్యి. పనికొచ్చేలా చేసి అక్కడి నుంచే సైనికులకు చేరిస్తే చాలు. నేను వీళ్ళతో అన్నీ వెళ్ళిపోయాయనే చెప్పాను.

పరాస్కా మఫ్లర్ కూడా అందులోనే ఉంది. మూడు నెలలు పట్టింది. అది పెట్టెలో పెట్టిన రోజు నా చెయ్యి పట్టుకుని ఏదో చెప్పింది, నాకు అర్థం కాలేదు. సరే సరే అన్నాను.

ఐల్సా


బ్లాక్ కోవ్
1943 మార్చి 14

ఐల్సా,

పెట్టె అందింది. నీ శిష్యబృందం చేతి పని చూసి రెండు రోజులు నవ్వుకున్నాను. నవ్వు వచ్చి చాలా రోజులైంది, అందుకు వాళ్ళకు నా దీవెనలు చెప్పు.

మిసెస్ థోర్‌బర్న్ అన్నది మొరటుగా ఉన్నా తప్పు కాదు. బాగుచేయడానికి ఏదీ లొంగలేదు. చదరాలు, పట్టీలు, మఫ్లర్లు అన్నీ విప్పేశాను. ఊలు ఉడుకునీళ్ళలో వేసి ముడతలు పోగొట్టి ఆరబెట్టాను. ఉండలు చుట్టి తొమ్మిది జతల మేజోళ్ళు అల్లాను. పోయిన శుక్రవారం మన కేప్ బ్రెటన్ సిడ్నీ రేవుకి వెళ్ళే పడవలో పంపాను. ఈపాటికి తొమ్మిది మంది నావికుల కాళ్ళు వెచ్చగా ఉండి ఉంటాయి. పిల్లల ఊలు వృథా పోలేదని చెప్పు.

ఆ గోధుమరంగు మఫ్లర్ సంగతి చెప్పకపోతే తోచదు. ముప్ఫై కుట్లు ఎక్కించానన్నావు, అవతలి కొసకు వచ్చేసరికి నలభై దాటాయి. తెడ్డులా ఉంది. ఒక కొస మడిచి లోపల ఒక కాగితం ముక్క కుట్టేసింది నీ పిల్ల. దాని నిండా అంకెలూ పిచ్చిగీతలూ. అక్షరాలు నేర్చుకునే రోజుల్లో నువ్వూ అలాగే గీసేదానివి. దాంతో పొయ్యి రాజేసుకున్నాను.

ఏడు వారాలైంది, లాక్లన్ నుంచి మాట లేదు. మేజోళ్ళు అల్లుతున్నంత సేపే నేను కుర్చీలో కూర్చోగలను.

పెద్దమ్మ


పాప్లర్ డిప్
1943 ఏప్రిల్ 11

పెద్దమ్మా,

ఈ ఉత్తరం నాలుగోసారి రాస్తున్నాను.

వాళ్ళు పిల్లలు కారు. బడి పిల్లలకు నేర్పుతున్నానని నీతో అబద్ధం చెప్పాను. పెద్దవాళ్ళకు, పిల్లల తల్లులకు నేర్పబోతున్నానంటే నువ్వు నవ్వుతావని, మానెయ్యమంటావని భయపడ్డాను. పరాస్కా హనాటియుక్‌కి నలభై ఆరేళ్ళు. ఆవిడ కూతురు ఓలేనా నా బడిలో చదువుతోంది. కొడుకు ఓరెస్ట్ సైన్యంలో చేరి ఇంగ్లండ్‌లో ఉన్నాడు. ఆ మఫ్లర్ అతని కోసం.

నిన్న ఆవిడ ఓలేనాను వెంటబెట్టుకుని వచ్చింది. ఓరెస్ట్ ఉత్తరం వచ్చిందట, అందులో మఫ్లర్ మాట లేదట. ఓలేనా చెప్పింది: “టీచర్, అమ్మ ఆ మఫ్లర్ కొసలో కాగితం పెట్టి కుట్టింది. దానిమీద అన్నయ్య పేరు, నంబరు ఉన్నాయి. ఒక ఉత్తరం కూడా రాసింది. పెట్టె సైన్యానికి వెళ్తే వాళ్ళే చూసి అన్నయ్యకు ఇస్తారనుకుంది.”

పెద్దమ్మా, ఆ కాగితం మీద నువ్వు చూసినవి పిచ్చిగీతలు కావు. వాళ్ళ భాష అక్షరాలు.

ఆవిడ నా మొహం చూస్తూ నిలబడింది. చివరికి, ఆ పెట్టె వెళ్ళిన ఓడ మునిగిపోయి ఉంటుంది, ఈ మధ్య చాలా మునుగుతున్నాయి కదా అన్నాను. ఓలేనా తల్లికి చెప్పింది. ఆవిడ శిలువ గుర్తు వేసుకుని, ఆ ఓడలో ఉన్నవాళ్ళు బతికారా అని అడిగింది. తెలియదన్నాను.

నీకూ ఒక మాట చెప్పాలి. విప్పే ముందు నన్ను ఒక్కమాట అడిగి ఉండాల్సింది. పిల్లలదైనా సరే, ఒకళ్ళు మూడు నెలలు అల్లినది కదా.

ఐల్సా


బ్లాక్ కోవ్
1943 ఏప్రిల్ 27

ఐల్సా,

అడగకుండా విప్పడం నాదే తప్పు. ఏ కాగితాన్నైనా పొయ్యిలో పెట్టే ముందు రెండు వైపులా తిప్పి చూడాలని నాకు ఇంతవరకు ఎవరూ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. ఆ మాట నువ్వు అన్నందుకు నాకు కోపం లేదు.

కోపం ఇంకోదానికి. నీ అబద్ధం తీసుకెళ్ళి సముద్రం మీద పెట్టావు. ఇక్కడ పదమూడు వారాలుగా నేను రేవు మీద నిలబడి ఉన్నాను. ఏ ఓడ మునిగిందో, ఏది మునగలేదో ఎవరూ చెప్పరు. నువ్వు అక్కడ గోధుమ పొలాల మధ్య కూర్చుని నీ మొహం దాచుకోవడానికి నోటి మాటతో ఒక ఓడను ముంచేశావు. ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు.

ఆవిడకు నిజం చెప్పు. నా పేరు చెప్పు. విప్పింది, కాల్చింది నేనని చెప్పు.

మొరాగ్


పాప్లర్ డిప్
1943 ఆగస్టు 15

పెద్దమ్మా,

ఇన్నాళ్ళూ నీకు ఎందుకు రాయలేదంటే, చెప్పానని రాయాల్సి వస్తుంది, నేను చెప్పలేదు. మే నెలలో విత్తనాలంటూ వాయిదా వేశాను. జూన్‌లో బడి మూసే హడావుడి అనుకున్నాను. సెలవులకు విన్నిపెగ్ వెళ్ళి కర్మాగారంలో పని అడిగాను, సెప్టెంబర్‌లో రమ్మన్నారు. సామాను సర్దుకుందామని ఇక్కడికి తిరిగొచ్చాను. వచ్చిన మర్నాడే తంతి వచ్చింది.

ఓరెస్ట్ సిసిలీలో చనిపోయాడు. జూలై నెలాఖరున. ఇరవై రెండేళ్ళు.

నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆడవాళ్ళంతా వంటగదిలో ఉన్నారు. పరాస్కా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. అతని జేబులో ఉన్న వస్తువుల జాబితా ఒకటి సైన్యం నుంచి వచ్చింది. వాచీ, ప్రార్థనల పుస్తకం, ఫొటోలు రెండు, పెన్ను. ఆవిడ ఓలేనా చేత అది మూడుసార్లు చదివించింది. తర్వాత కూతురితో ఏదో చెప్పి నా వైపు చూసింది.

ఓలేనా అంది: “అందులో మఫ్లర్ లేదు, చూశారా టీచర్. ఆలస్యంగానైనా అందే ఉంటుందంటోంది అమ్మ. అన్నయ్యను దాంతోనే పూడ్చి ఉంటారట. మెడ చల్లగా ఉండదంటోంది.”

నేను తల ఊపాను. పెద్దమ్మా, నేను తల ఊపాను.

ఇప్పుడు చెప్పమంటావా? ఆవిడకు మిగిలింది ఆ ఒక్క మాటే. నాకైతే వెళ్ళిపోవాలనిపిస్తోంది. గదిలో పెట్టె సగం సర్ది ఉంది. కూర్చోలేను, సర్దలేను. పొలాల్లో కోతలు మొదలయ్యాయి, దుమ్ములో సూర్యుడు కూడా సరిగా కనపడడు.

ఐల్సా


బ్లాక్ కోవ్
1943 ఆగస్టు 30

ఐల్సా తల్లీ,

నీ ఉత్తరం వచ్చేసరికి లాక్లన్ వంటగదిలో బంగాళదుంపలు తింటున్నాడు. ఆగస్టు తొమ్మిదిన చెప్పాపెట్టకుండా వచ్చాడు. చిక్కిపోయాడు, ఎడమ చెవి సరిగా వినపడదు. అంతే. నడిచి వచ్చాడు. మూడు వారాలు సెలవు. నీకు వెంటనే రాయలేదు. రాద్దామని కూర్చుంటే ఒక్కో ఇంటికి తంతి వస్తున్న రోజుల్లో నా సంతోషం కాగితం మీద పెట్టడానికి చెయ్యి రాలేదు. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక ఆ సంతోషం ముఖం చూడలేకపోతున్నాను.

ఏప్రిల్‌లో నిజం చెప్పమని గట్టిగా రాశాను. ఇప్పుడు ఏం చెప్పాలో నాకు తెలియదు. ఆమె కొడుకు మెడలో ఉందనుకుంటున్న దాన్ని నా చేతులతో విప్పాను. నా కొడుకు నా ఎదురుగా పళ్ళెం తుడుచుకుని తింటున్నాడు. నేను ఎలా చెప్పను ఆమెకు ఏది మంచిదో? వాడిని అడిగాను. పళ్ళెం పక్కకు జరిపాడు. తర్వాత, “ఎవరో వస్తారు అమ్మా. అతని పక్కన ఉన్నవాళ్ళు ఎప్పుడో ఆమెను చూడ్డానికి వస్తారు. సిసిలీలో జూలై ఎండల్లో మఫ్లర్ ఏమిటంటారు” అన్నాడు.

అది ఆలోచించు. నేనైతే నిర్ణయించలేను. ఎలా చేసినా నీ పక్కనే ఉన్నాననుకో.

పెద్దమ్మ


పాప్లర్ డిప్
1943 సెప్టెంబర్ 18

పెద్దమ్మా,

నీ ఉత్తరం అందే ముందు రోజే చెప్పేశాను. అన్నయ్య అన్న మాట వల్ల కాదు. చర్చిలో ఓరెస్ట్ కోసం ప్రార్థన జరిగింది. అయ్యాక పరాస్కా అందరికీ మఫ్లర్ సంగతి చెబుతోంది, పక్కన నన్ను నిలబెట్టుకుని, ఇదిగో ఈ టీచరమ్మే నేర్పింది అని చూపిస్తోంది. ఒక ముసలమ్మ నా చెయ్యి ముద్దు పెట్టుకుంది.

మర్నాడు వాళ్ళింటికి నడిచి వెళ్ళాను. ఓలేనాను మధ్యలో పెట్టి చెప్పలేననిపించి, వాళ్ళ చర్చి ఫాదర్‌ని తీసుకెళ్ళాను. ఆయన ప్రతి మాటా వాళ్ళ భాషలోకి మార్చి చెప్పారు. పెట్టె వెనక్కి వచ్చింది, నేను దాచాను, పిల్లల పని అని రాశాను, మా పెద్దమ్మ విప్పింది, కాగితం చదవడం రాక కాల్చింది, ఓడ మాట నేనే కల్పించాను, అన్నీ చెప్పాను. ఆవిడ పిండి పిసుకుతోంది. ఆపలేదు. నేను చెప్పడం అయ్యాక కూడా పిసుకుతూనే ఉంది. ఆ తర్వాత చేతులు కడుక్కుని తలుపు తీసి పట్టుకుని నిలబడింది. నేను వచ్చేశాను.

పది రోజులు ఓలేనా బడికి రాలేదు. విన్నిపెగ్ వాళ్ళకు రావడం లేదని రాశాను. ఎందుకని అడక్కు. ఈ స్థితిలో పెట్టె మూసి రైలెక్కలేకపోయాను.

నిన్న సాయంత్రం బడి వదిలాక ఇద్దరూ వచ్చారు. పరాస్కా కూర్చోలేదు. ఓలేనా నేల చూస్తూ చెప్పింది: “అమ్మ అడుగుతోంది. మీ పెద్దమ్మగారు విప్పేటప్పుడు దాన్ని చూశారా, లేక చూడకుండా లాగేశారా? చూసి ఉంటే ఎలా ఉందో రాయమంటోంది. మొత్తం. కాగితం ఎలా ఉందో కూడా. అమ్మకు దాని ఫొటో కూడా లేదు.”

రాయి పెద్దమ్మా. నీకు గుర్తున్నంత రాయి.

ఐల్సా


బ్లాక్ కోవ్
1943 సెప్టెంబర్ 26

ఐల్సా,

ఇది ఆమెకు చదివి వినిపించు. ఫాదర్ చేత అయినా సరే, ఓలేనా చేత అయినా సరే.

పరాస్కా గారికి,

చూశాను. చూడకుండా విప్పడం నాకు చేతకాదు. అరవై ఏళ్ళుగా అల్లుతున్నదాన్ని, ఏ అల్లికైనా చేతికి వస్తే నా వేళ్ళే చదువుతాయి. అప్పుడు నవ్వుకుంటూ చదివాను. అందుకు మీ ముందు తల వంచుతున్నాను. మీది విప్పడానికి ఒక మధ్యాహ్నం పట్టింది. కొస నుంచి వెనక్కి విప్పాను కాబట్టి మీరు చివర అల్లింది నాకు మొదట తెలిసింది. ఇక్కడ మాత్రం మీరు అల్లిన వరుసలోనే రాస్తున్నాను.

మొదటి జానెడు రాయిలా బిగుతుగా ఉంది. సూది దూరడానికి కూడా సందు లేదు. మీరు పళ్ళు బిగబట్టి అల్లి ఉంటారు. అక్కడ కుట్లు సరిగ్గా ముప్ఫై, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. లెక్కపెట్టుకున్నారు. జానెడు దాటాక ఒక కుట్టు జారింది. దాన్ని నాలుగు వరుసల పైన పట్టుకుని నల్లదారంతో కట్టారు. ఊలుతో కాదు, బట్టలు కుట్టే దారంతో. మూడు ముళ్ళు.

అక్కడి నుంచి వదులైంది. ఒక మూరెడు మేర చెయ్యి తేలిక పడింది. చాలా బాగుంది ఆ మూరెడు, అప్పుడు నేను ఒప్పుకోలేదు కానీ. మధ్యలో రెండు వరుసలు వేరే చేతివి. సన్నగా, జాగ్రత్తగా ఉన్నాయి, చిన్నవాళ్ళు అల్లినట్టు. ఆ తర్వాత మళ్ళీ మీ చెయ్యే. ఒక చోట గడ్డిపరక అల్లికలో కలిసిపోయింది. ఇంకోచోట పొడుగాటి వెంట్రుక, గుర్రానిదనుకున్నాను.

చివరి భాగంలో లెక్కపెట్టడం మానేశారు. ముప్ఫై మూడు, ముప్ఫై ఆరు, అలా పెరిగి ఆఖరి వరుస నలభై ఒకటి. చాలా వేగంగా అల్లారు. కొన్నిచోట్ల ఊలు చీలి సగం పోగే సూదికి ఎక్కింది. ఎందుకో తొందరలో ఉన్నారు.

కాగితం అరచేతి కంటే చిన్నది, గీతల నోటుపుస్తకంలోది. పెన్సిలుతో రాసింది. పైన ఏదో ఒక మాట, పక్కన అంకెలు. కింద నాలుగు వరుసలు. ఆఖరి వరుస మిగతా వాటికంటే ఒత్తి రాశారు, వెనక వైపు వేలితో తడిమితే తెలుస్తోంది. చదవడం రాని దాన్ని కాల్చాను. అంతకంటే నాకు గుర్తున్నది లేదు, దాచింది కూడా ఏమీ లేదు.

ఒక్క సంగతి ఇంకొకరి ద్వారా మీకు తెలియకూడదు. నా కొడుకు లాక్లన్ ఆగస్టులో ఇంటికి వచ్చాడు. ఈ నెల మొదట్లో మళ్ళీ ఓడ ఎక్కాడు.

మొరాగ్ మెక్‌ఫీ


పాప్లర్ డిప్
1943 అక్టోబర్ 17

పెద్దమ్మా,

పోయిన వారం శనివారం వాళ్ళ వంటగదిలో చదివాం. నేను ఒక్కో వాక్యం చదవడం, ఓలేనా చెప్పడం. పరాస్కా బల్ల మీద రెండు చేతులూ ఆనించి, కళ్ళు మూసుకుని వింది.

బిగుతు జానెడు దగ్గర, అప్పుడు టీచరమ్మ అరుస్తుందని భయం అంది. నేనేనాడూ అరవలేదు, అయినా భయమట. నల్లదారం ముళ్ళ దగ్గర తల ఊపింది. వదులైన మూరెడు వినగానే కళ్ళు తెరిచింది. ఆ వారం ఓరెస్ట్ నుంచి రెండు ఉత్తరాలు ఒకేసారి వచ్చాయట. వేరే చేతివి రెండు వరుసలు అనగానే ఓలేనా చెప్పడం ఆపేసి ఏడ్చింది. అమ్మ చెయ్యి కాలినప్పుడు అవి తనే అల్లిందట, ఎవరికీ చెప్పలేదట. గుర్రపు వెంట్రుక ఓరెస్ట్ గుర్రానిది, కావాలనే పెట్టిందట. తొందర ఎందుకంటే, పెట్టె ఆ శనివారం మూసేస్తున్నామని నేను చెప్పడం వల్ల.

నలభై ఒకటి అన్నచోట మాత్రం ఒప్పుకోలేదు. నలభై రెండు అంది. నువ్వు ఒకటి తప్పు లెక్కపెట్టావట.

కాగితం మీద నాలుగు వరుసల్లో ఏం రాసిందో నేను అడగలేదు. తనే చెప్పింది. మొదటి మూడూ ఇంటి సంగతులు, ఆవు ఈనింది, నాన్న దగ్గు తగ్గింది, చెల్లి ఇంగ్లీషు పద్యం అప్పజెప్పింది. ఒత్తి రాసిన ఆఖరి వరుస: ‘చూడ్డానికి బాగోలేదని తెలుసు, వాళ్ళు నవ్వినా సరే, చుట్టుకో నాన్నా.’

ఆవిడ లేచి ఉడికించిన పిండి ముద్దలు, వేయించిన ఉల్లిపాయ పెట్టింది. ఓలేనాకు పెట్టింది, నాకూ పెట్టింది. నా వైపు చూడలేదు. ఇప్పటికీ నాతో నేరుగా మాట్లాడదు. శనివారం అల్లికకు వస్తుంది, వెనక బల్ల దగ్గర కూర్చుంటుంది, ఏదైనా కావాలంటే ఓలేనా చేత అడిగిస్తుంది. అలాగే ఉండనీ. నేను ఈ చలికాలం ఇక్కడే ఉంటున్నాను.

అయితే నీకు మాత్రం ఒక ప్రశ్న పంపింది. నీ ఉత్తరం ఆఖరి మాటలు విన్నప్పటి నుంచి దాని మీదే ఉంది, బడికి వచ్చిన ప్రతిసారీ నీకు రాశానా అని ఓలేనా చేత అడిగిస్తోంది. మీ అబ్బాయికి ఏ రంగు ఇష్టమో, మెడ సన్నమో లావో రాయమంది. చదరంతో మొదలుపెట్టనని కూడా చెప్పమంది.

త్వరగా రాయి.

ఐల్సా